ఊరి మీద పరిశోధన, ఊరికి ఫలితం: సిరొంచ వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణ వైపున ఉన్న సిరొంచ, అంకీసా, అసరెల్లి, అహేరి ఊళ్లకు సర్వే ఫారాలు పట్టుకున్న కాలేజీ పిల్లలు ఏటా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. రక్తం తీసుకుంటారు, మట్టి తవ్వుకుంటారు, ముసలివాళ్ల పక్కన కూర్చుని మందు మొక్కల పేర్లు రాసుకుంటారు. చాలామంది మళ్లీ కనబడరు. గ్రామసభ సభ్యులు, ఆశాలు, టీచర్లు, ఇక్కడికి పరిశోధనకు వచ్చే విద్యార్థులు, వాళ్లతో కలిసి పనిచేయాలనుకునే చిన్న సంస్థలు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

పరిశోధన చేసేది యూనివర్సిటీ కదా, మధ్యలో ఇంకో సంస్థ ఎందుకు?

పరిశోధకుడి పని ఎక్కడ పూర్తయినట్టు లెక్కో చూడండి. పీహెచ్‌డీ అయితే థీసిస్ ఒప్పుకోవడంతో, ప్రాజెక్టు అయితే చివరి రిపోర్టూ ఖర్చుల లెక్కా పంపడంతో. పేపర్ ఇంగ్లీషు జర్నల్లో వస్తుంది. ఊరికి కావాల్సిన పని అక్కడి నుంచి మొదలవుతుంది. తేలిన విషయాన్ని ఊరి మాటలో చెప్పాలి. దాన్ని చేసి చూపించే మనిషిని తయారుచేయాలి. మందో విత్తనమో పరికరమో అయిపోతే మళ్లీ ఎక్కడి నుంచి తేవాలో చూసుకోవాలి. జిల్లా ఆఫీసులో ఫైలు కదిలించాలి. రెండేళ్ల తర్వాత వచ్చి, ఇంకా పనిచేస్తోందా అని చూడాలి. ఈ పనులకు థీసిస్‌లో మార్కులు లేవు, గ్రాంటులో పద్దు లేదు. పరిశోధకులు మంచివాళ్లయినా ఇవి అట్లాగే మిగిలిపోతాయి.

ఆ మిగిలిన పనిని తన సొంత పనిగా నెత్తిన వేసుకున్నదే మధ్య సంస్థ. అది స్వచ్ఛంద సంస్థ కావచ్చు, కృషి విజ్ఞాన కేంద్రం కావచ్చు, యూనివర్సిటీలోనే ఒక విభాగం కావచ్చు, గ్రామసభ వేసుకున్న అధ్యయన బృందం కావచ్చు. పేరు ఏదైనా ఈ పనికి జీతమిచ్చి పెట్టిన మనిషి, విడిగా పెట్టిన డబ్బు ఉన్నాయా అన్నదే చూడాలి.

ఇట్లా జరిగిన దాఖలా దగ్గర్లో ఎక్కడైనా ఉందా?

మన జిల్లాలోనే ఉంది. 1986లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ గడ్చిరోలిలో సెర్చ్ అనే సంస్థ మొదలుపెట్టారు. దవాఖాన ఎట్లా ఉండాలని ఆదివాసులను అడిగితే, పెద్ద భవనమంటే భయం, మా ఇళ్లలాగా ఉండాలి, మా వాళ్లు పక్కనే ఉండాలి అన్నారు. శోధ్‌గ్రామ్ అనే తమ ఆవరణలో గుడిసెల్లాంటి వార్డులు కట్టింది అందుకే. దవాఖానకు ఆదివాసులు కొలిచే దంతేశ్వరి తల్లి పేరు పెట్టిందీ అందుకే.

అప్పట్లో పుట్టిన 28 రోజుల్లోపే చాలామంది పిల్లలు పోయేవాళ్లు. కాన్పులు ఇళ్లలోనే. ఆసుపత్రి దూరం, బాలింత గడప దాటకూడదన్న ఆచారం. పిల్లను ఆసుపత్రికి తీసుకుపోలేనప్పుడు చికిత్సనే ఇంటికి తెస్తే ఎట్లా ఉంటుందన్నది వాళ్లు పట్టుకున్న ప్రశ్న. 39 ఊళ్లలో ఆ పద్ధతి పెట్టి, 47 ఊళ్లతో పోల్చారు. ఊరి ఆడవాళ్లనే ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. మొదట ఇంటింటికీ వెళ్లి గమనించి రాసుకోవడం నేర్పారు, మందులు ఆ తర్వాతే. బరువు తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి అందని బిడ్డకు ఊపిరి పోయడం, రక్తంలో ఇన్‌ఫెక్షన్ గుర్తుపట్టి జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం, అన్నీ వాళ్లే చేశారు. మూడో ఏటికి ఈ ఊళ్లలో నవజాత మరణాలు వెయ్యికి 25.5, పోలిక ఊళ్లలో 59.6. ఇన్‌ఫెక్షన్ సోకిన పిల్లల్లో చనిపోయేవాళ్లు నూటికి 16.6 నుంచి 2.8కి తగ్గారు. 1999 డిసెంబర్‌లో ఇది లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

ఆ పనిలో పుట్టిన ఒక చిన్న వస్తువు గురించి చెప్పాలి. పసిపిల్లలకు నిమోనియా ఉందో లేదో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టి చెప్పొచ్చు. రెండు నెలల్లోపు పిల్లకు 60, ఏడాదిలోపు పిల్లకు 50 దాటితే ప్రమాదం. కానీ మంత్రసానుల్లో చాలామందికి పదికి మించి లెక్క రాదు. అందుకని వాళ్లకు ఒక నిమిషం ఇసుక గడియారమూ వరసగా పూసలూ బిగించిన పరికరం చేసి ఇచ్చారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్రపూస దాకా వస్తే నిమోనియా కింద లెక్క. చదువు రాని మంత్రసాని కూడా డాక్టరు చూసినంత సరిగ్గా ఊపిరి చూడగలగాలంటే పరికరం ఆమె లెక్కకు తగ్గట్టు ఉండాలి. పరిశోధన ఊరికి చేరడమంటే ఇంత సూక్ష్మంగా ఆలోచించడం.

ఆ పద్ధతి దేశమంతా వెళ్లేసరికి ఏమైనా తగ్గిందా?

తగ్గింది. ఇంటి దగ్గర నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం జాతీయ స్థాయిలో 2011లో వచ్చింది, అంటే పేపర్ వచ్చిన 12 ఏళ్లకు. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా కలిపి ఏడు. ఈ రాకలన్నీ పూర్తయితే 250 రూపాయలన్నది అప్పట్లో పెట్టిన ప్రోత్సాహకం. గడ్చిరోలి ఊళ్లలో ఆరోగ్య కార్యకర్త చేతిలో ఉన్న ఇంజెక్షన్ మాత్రం ఆశా చేతికి రాలేదు. ఆమె ప్రమాద లక్షణం గుర్తించి పై ఆసుపత్రికి పంపాలి. పైకి పంపినా వెళ్లలేని ఇళ్ల కోసం 2014లో ప్రత్యేక పరిస్థితుల్లో ఏఎన్ఎంకు జెంటామైసిన్ ఇచ్చే వీలు కల్పించారు.

ఎక్కువగా చెడేది మాత్రం తూకం దగ్గర. వేలాడదీసే త్రాసులో ముందు ఖాళీ జోలె తగిలించి ముల్లు సున్నా మీదికి తేవాలి. జోలె లేకుండా సున్నా చేసి, ఆ తర్వాత జోలెలో బిడ్డను పెడితే జోలె బరువు కూడా కలుస్తుంది. 2,500 గ్రాములకు తక్కువ పుట్టిన బిడ్డ కాగితం మీద 2,600 అయిపోతుంది, తక్కువ బరువు పిల్లకు అందాల్సిన ప్రత్యేక శ్రద్ధ అందకుండా పోతుంది. శిక్షణ ఒక్కసారి ఇచ్చి ఊరుకుంటే ఇట్లాంటివి పట్టుబడవు. ఆశాతో పాటు ఇంటికి వెళ్లి పక్కన నిలబడి చూసే సూపర్‌వైజర్ ఉండాలి. పథకాలు విస్తరించేటప్పుడు మొదట కోత పడేది ఆ మనిషి మీదే.

మాకు సమస్య ఉంది, పరిశోధన కావాలి. ఎవరి దగ్గరికి పోవాలి?

పంట, తెగులు, నేల గురించి అయితే గడ్చిరోలి కృషి విజ్ఞాన కేంద్రం. అకోలాలోని పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ కృషి విద్యాపీఠం కింద నడుస్తుంది. పత్తి విషయం మరీ చిక్కయితే నాగ్‌పూర్‌లో కేంద్ర పత్తి పరిశోధన సంస్థ ఉంది.

అటవీ ఉత్పత్తులు, చిన్న యంత్రాలు, ఊరి స్థాయి సాంకేతిక పనులకు గోండ్వానా విశ్వవిద్యాలయంలోని సైన్స్ అండ్ టెక్నాలజీ రిసోర్స్ సెంటర్‌ను అడగండి. 2011లో చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల కోసమే పెట్టిన యూనివర్సిటీ అది. కాలేజీలను ఊళ్లతో కలిపేందుకు 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద, చేరిన ప్రతి కాలేజీ కనీసం ఐదు ఊళ్లను తీసుకోవాలి. మీ ఊరు ఏ కాలేజీ జాబితాలో ఉందో పంచాయతీలో అడగండి. చాలా ఊళ్లకు తాము జాబితాలో ఉన్న సంగతే తెలియదు.

మీ ఊళ్లో ఎవరైనా సొంతంగా పనిముట్టో పద్ధతో కనిపెట్టి ఉంటే గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌కు రాయాలి. 2000లో పెట్టారు. చదువుతో పనిలేదు, పేటెంటుకు కూడా వాళ్లు సాయం చేస్తారు. అయితే అందరికీ చూపించి, వీడియో తీసి పెట్టాక పేటెంటు అడిగితే కష్టం. ముందు దరఖాస్తు, తర్వాత ప్రచారం.

ఏ సంస్థకైనా ఒక పేజీ రాసివ్వండి: సమస్య ఏమిటి, ఎప్పటి నుంచి, ఎన్ని ఇళ్లకు లేదా ఎన్ని ఎకరాలకు, ఇప్పటిదాకా ఏం చేసి చూశారు, ఏ నెలలో వస్తే కంటికి కనబడుతుంది. గ్రామసభ తీర్మానం నకలు జతచేయండి. "మా ఊరికి ఏదైనా చేయండి" అని రాసిన అర్జీ ఎవరి బల్ల మీదా కదలదు.

సర్వే వాళ్లు ఇప్పుడే గుమ్మంలో నిలబడ్డారు. ఏం అడగాలి?

మనుషుల మీద చేసే ఆరోగ్య పరిశోధన ఏదైనా నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ, పరిశోధన వల్ల మనుషులకు అన్యాయం జరగకుండా చూసేది) అనుమతి లేకుండా జరగకూడదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఆ సంఘంలో కనీసం ఏడుగురు ఉండాలి. సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లు కావాలి, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరైనా ఉండాలి. అనుమతి లేఖ చూపించమనండి. దాని మీద తేదీ, గడువు చూడండి. గడువు దాటిన లేఖతో తిరగడం అరుదేమీ కాదు.

మందు లేదా చికిత్స పరీక్షిస్తుంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబర్ అడగండి. అది సీటీఆర్ఐ అన్న అక్షరాలతో మొదలై, ఏడాది, నెల, ఆ తర్వాత అంకెలతో ఉంటుంది. 2009 జూన్ 15 నుంచి మందుల ట్రయల్స్‌కు ఇది తప్పనిసరి. ఆ నంబర్ కొట్టి ఎవరైనా ఉచితంగా వివరాలు చూడొచ్చు. బాధ్యత ఎవరిది, డబ్బు ఎవరిది, ఎంతమందిని తీసుకుంటున్నారు, అన్నీ అందులో ఉంటాయి.

రక్తం ఎంత తీస్తారని అడగండి. ఐదు మిల్లీలీటర్లంటే ఒక టీచెంచా. పరీక్ష అయ్యాక మిగిలిన రక్తాన్ని పారేస్తారా, దాచుకుంటారా, దాచుకుంటే ఎన్నేళ్లు, ఇంకో పరిశోధనకు వాడతారా? దీనికి వేరే సమ్మతి ఉండాలి. సమాచార పత్రం ఒకటి మీ దగ్గర వదిలి వెళ్లాలి, దాని మీద పనిచేసే ఫోన్ నంబర్ ఉండాలి. చివరగా: ఫలితం మాకు ఎవరు, ఏ నెలలో, ఏ భాషలో చెబుతారు? దీనికి జవాబు రాసివ్వమనండి. ఈ ఒక్క ప్రశ్నతోనే వచ్చినవాళ్ల తీరు తెలిసిపోతుంది.

వద్దు అనడానికి కారణం చెప్పనక్కర్లేదు. మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఆపకూడదు.

సర్పంచ్ ఒప్పుకున్నాక ఇంటింటా మళ్లీ అడగాలా?

అడగాలి. గ్రామసభ అనుమతి ఊళ్లోకి రావడానికి, మనిషి అనుమతి ఆ మనిషిని చేర్చుకోవడానికి. ఒకటుందని రెండోది మానకూడదు. ఇంటి పెద్ద ఒప్పుకున్నా కోడలు సమ్మతి కోడలే ఇవ్వాలి. 18 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల సంతకం కావాలి. దానితో పాటు 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు నోటితో, 12 దాటినవాళ్లు కాగితం మీద సరేననాలి.

కాగితం మరాఠీలో ఉంది, ఇంట్లో మాట తెలుగు. తెలుగులో అచ్చువేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇక్కడ చాలామంది తెలుగు మాట్లాడతారు కానీ బడి చదువు మరాఠీలో. తెలుగు అక్షరాలు రానివాళ్లకు తెలుగు కాగితం ఇస్తే, మర్యాదకు తలూపి సంతకం పెడతారు. మరాఠీ కాగితం చదవగలరు కానీ రోగం గురించి, ఒంటి గురించి మాటలు తెలుగులో చెబితేనే మనసుకు ఎక్కుతాయి. లోపలి ఊళ్లలో గోండీ, మాడియా మాట్లాడేవాళ్లది ఇంకో లెక్క. కాబట్టి పద్ధతి ఇది: రాత మరాఠీలోనూ తెలుగులోనూ ఇవ్వండి, మాట మాత్రం ఇంటి భాషలో చదివి వినిపించండి. చదవలేని మనిషైతే, పరిశోధన బృందానికి సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి మొదటి నుంచి చివరిదాకా కూర్చుని సంతకం చేయాలి. వేలిముద్ర అయ్యాక సాక్షిని పిలిచి సంతకం పెట్టించడం సాక్ష్యం కాదు.

అనువాదం ఒకరు చేస్తే ఇంకొకరు, అసలు కాగితం చూడకుండా, దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి లేదా మరాఠీలోకి రాయాలి. రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో చూడాలి. ఆపై ఊళ్లో ఐదారుగురికి చదివి వినిపించి, "మీకేం అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ అయిందనే అంటారు.

తేడా ఎక్కడెక్కడ వస్తుందో కొన్ని చెబుతాం. ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీ పద్ధతిలో తేలుస్తామంటే, జనం బహుమతి అనుకుంటారు. చీటీలు మడిచి తీసినట్టు అని చెప్పాలి. రక్త నమూనా అంటే పుస్తకాల్లో సరైన మాటే, కానీ మహారాష్ట్రలో నమూనా అనగానే గుర్తొచ్చేది నమూనా 8 కాగితం, ఇంటి పన్ను. "కొంచెం రక్తం" అంటే చాలు. ప్రయోజనం అన్నచోట లాభం అని రాస్తే డబ్బు ఇస్తారనుకుంటారు. స్వచ్ఛందంగా అనే బదులు "మీకు ఇష్టమైతేనే" అనండి. గోప్యత అనే బదులు "మీ పేరు బయట చెప్పం, రిపోర్టులో రాయం" అనండి.

సికిల్‌సెల్ పరీక్షలో మా అమ్మాయికి పాజిటివ్ అన్నారు. రోగం ఉన్నట్టేనా?

ఆ ఒక్క పరీక్షతో చెప్పలేం. సికిల్‌సెల్ అమ్మానాన్నల నుంచి పిల్లలకు వచ్చే రక్త రోగం. ఊళ్లలో మొదట చేసేది కరిగే పరీక్ష. వేలి నుంచి చుక్క రక్తం గాజు గొట్టంలోని ద్రావణంలో కలిపి, వెనక నల్ల గీతలున్న కాగితం పెట్టి చూస్తారు. గీతలు కనబడితే నెగటివ్. ద్రావణం మసకబారి గీతలు కనబడకపోతే పాజిటివ్. పాజిటివ్ అంటే సికిల్ హిమోగ్లోబిన్ ఉందని మాత్రమే అర్థం. అది అమ్మానాన్నల్లో ఒకరి నుంచే వచ్చిందా, ఇద్దరి నుంచీ వచ్చిందా అన్నది ఈ గొట్టం చెప్పదు. దానికి ల్యాబులో ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష చేయాలి. ఆరు నెలల్లోపు పిల్లలకు, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లకు, రక్తం బాగా తక్కువున్నవాళ్లకు గొట్టం పరీక్ష తప్పు చూపొచ్చు.

ఒకరి నుంచే వస్తే ఏ-ఎస్ అంటారు. అది రోగం కాదు, పిల్లలకు అందగల గుణం మాత్రమే. ఆ మనిషి మామూలుగానే బతుకుతుంది, పని చేసుకుంటుంది. ఇద్దరి నుంచీ వస్తే ఎస్-ఎస్, అదే రోగం. దానికి హైడ్రాక్సీయూరియా లాంటి మందులున్నాయి, క్రమం తప్పకుండా వాడాలి. ఏ-ఎస్ ఉన్న ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో నూటికి 25 పాళ్లు ఎస్-ఎస్ బిడ్డకు, 50 పాళ్లు ఏ-ఎస్ బిడ్డకు, 25 పాళ్లు ఏమీ లేని బిడ్డకు అవకాశం. ప్రతి కాన్పు లెక్క విడిగానే. మొదటి బిడ్డకు రోగం వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురికి రాదనుకోవడం పొరపాటు.

2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది, రోగాన్ని నిర్మూలించడానికి పెట్టుకున్న గడువు 2047. పరీక్ష చేయడం తేలిక. తర్వాత కూర్చుని మాట్లాడటానికే సమయం పడుతుంది, ఒక్కో ఇంటికి అరగంటైనా కావాలి. అట్లా మాట్లాడే మనిషిని పెట్టకుండా ఫలితం రాసిన కార్డులు మాత్రం పంచితే, "ఆ పిల్లకు రోగముందట" అన్న మాట ఊరంతా పాకుతుంది, సంబంధాలు తప్పిపోతాయి. కార్డు పెళ్లికి ముందు ఇద్దరూ చూసుకోవడానికి, ఒకరిని పక్కన పెట్టడానికి కాదు. ఫలితాన్ని వాకిట్లో పదిమంది ముందు చదవకండి.

కృషి విజ్ఞాన కేంద్రం చెప్పినట్టే చేశాం, పంట రాలేదు. పరిశోధన తప్పా?

పరిశోధన తప్పు కాకపోవచ్చు, మీ నేలలో పరీక్షించి ఉండకపోవచ్చు. కేంద్రం చేసే పనులు రెండు రకాలు, వాటిని కలపొద్దు. మొదటిది రైతు పొలంలో పరీక్ష. రైతు ఇప్పటికే చేసే పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కన పెట్టి, కొందరు రైతుల పొలాల్లో చూస్తారు. ఇది ఇంకా తేలని విషయం. రెండోది ప్రథమశ్రేణి ప్రదర్శన. తేలిన పద్ధతిని ఎకరం చెక్కలో చేసి చూపిస్తారు. మీ పొలంలో పెట్టింది ఏదో ముందే అడగండి. పరీక్ష అయితే మీ పాత పద్ధతి చెక్క కూడా తప్పకుండా ఉంచండి. కొత్తది బాగుందని మొత్తం పొలం మార్చేస్తే పోల్చడానికి ఏమీ మిగలదు.

పత్తిలో గులాబీ పురుగును చూడండి. సలహా అందరికీ తెలుసు, మగ రెక్కల పురుగులను వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టమని. విత్తిన 45 రోజులకు, గమనించడానికే అయితే ఎకరానికి రెండు చాలు. మొక్క కొసకు అడుగు ఎత్తులో కట్టాలి, మొక్క పెరిగేకొద్దీ బుట్టను పైకి జరపాలి. ఎర బిళ్లను పొగాకు, మందు వాసన ఉన్న చేత్తో ముట్టకూడదు. పాకెట్ మీద రాసిన గడువుకు మార్చాలి. రోజూ పొద్దున లెక్కపెట్టి, వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడితే అప్పుడు మందు.

చెడేది లెక్క దగ్గర. బుట్ట కట్టి లెక్క రాయకపోతే అది ఉత్త సంచి. రెండో చిక్కు సరిహద్దుది. సలహా మరాఠీలో నాగ్‌పూర్ నుంచి వస్తుంది, మందు కొనేది వంతెన దాటి తెలంగాణ వైపు దుకాణంలో. దుకాణదారు చెప్పేది ఒకటి, సలహాలో ఉన్నది ఇంకొకటి. అందుకే మందు పేరును కంపెనీ పేరుతో కాకుండా డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే రసాయనం పేరుతో, తెలుగులో రాసిన చీటీ రైతు జేబులో ఉండాలి. ఇరవై రూపాయల జిరాక్సు పనే, కానీ చేసిపెట్టే సంస్థ ఒకటి కావాలి.

కాన్పుకో ఆపరేషన్‌కో మంచిర్యాల, వరంగల్ పోతాం. మా లెక్క ఎక్కడ పడుతుంది?

చాలాసార్లు ఎక్కడా పడదు. గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, నది దాటితే తెలంగాణ ఆసుపత్రి దగ్గర, భాష కూడా మనదే. అక్కడి రిజిస్టర్లో మీరు పరాయి రాష్ట్రం వాళ్లు, ఇక్కడి రిజిస్టర్లో మీ కాన్పు లేదు. రాష్ట్రం వారీగా లెక్కలు కట్టే పరిశోధనలో సరిహద్దు ఊళ్లు ఇట్లా జారిపోతాయి. ఆశా తన పుస్తకంలో ఎక్కడ కాన్పయిందో, డిశ్చార్జి కాగితంలో ఏముందో రాసుకుంటే ఆ ఖాళీ కొంత పూడుతుంది. డిశ్చార్జి కాగితం పారేయకండి. ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

మందు మొక్కలు, విత్తనాలు తీసుకెళ్తామంటున్నారు. ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, కానీ అడగాల్సినవి అడిగి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. విదేశీ సంస్థలకు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ముందే కావాలి. మన దేశ విద్యార్థి చదువు కోసం చేసేదానికి అంత కట్టుబాటు లేదు. కానీ అదే సమాచారం రేపు వ్యాపారానికి వెళితే లాభంలో ఊరికి వాటా ఉండాలన్నది చట్టం ఉద్దేశం.

రిజిస్టర్లో మొక్క పేరు రాయడానికీ, దాన్ని ఎట్లా నూరి ఎంత ఇస్తారో రాయడానికీ తేడా ఉంది. వైద్యం తెలిసిన పెద్దమనిషి వద్దంటే రెండోది రాయకండి. ఆ జ్ఞానం ఎవరిదో, ఎవరు చెప్పారో మాత్రం తేదీతో రాసి, గ్రామసభ పుస్తకంలో నకలు ఉంచండి. పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించగలిగింది మన దగ్గర ముందే రాసి ఉన్న ఆధారాలతోనే.

మన జిల్లాలోనే ధానోరా తాలూకాలో మేంఢా లేఖా ఉంది చూడండి. 2009లో తన అడవి మీద సామూహిక అటవీ హక్కు సాధించిన ఊరు. ఆ ఊరికి సొంత అధ్యయన బృందం ఉంది. బయటివాళ్లు వచ్చినా ఊరివాళ్లతో కూర్చుని చర్చించాలి. ఊరు తన ప్రశ్న తనే వేసుకునే చోట, వచ్చిన పరిశోధకుడికీ మంచి జవాబు దొరుకుతుంది.

మా దగ్గర తవ్విన డైనోసార్ ఎముకలు కోల్‌కతాలో ఎందుకున్నాయి?

సిరొంచ దగ్గరి పోచంపల్లిలో దొరికిన ఆ పెద్ద జంతువును తవ్వింది కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. తవ్వకాలు సాగిన 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి ఏడాది, అందుకే బారాపాసారస్ టాగోరై అని పేరు. అస్థిపంజరం నిలబెట్టింది ఆ సంస్థ మ్యూజియంలో. ఎముకలను కాపాడటానికి అట్లాంటి చోటు అవసరమే. కానీ ఇక్కడి పిల్లలు చూడాలంటే వడధం శిలాజ ఉద్యానవనం ఉంది, బడి నుంచి ఒకరోజు తీసుకుపోండి. నేల మీద ఎముకలాంటి రాయి కనబడితే తవ్వకండి, జరపకండి. పక్కన చేయి పెట్టి ఫొటో తీసి, అటవీశాఖకు చెప్పండి. ఏ పొరలో దొరికిందో తెలియని ఎముకకు సగం విలువ పోతుంది.

మా ఊరి మీద రాసిన థీసిస్ మేం చూడొచ్చా?

శోధ్‌గంగ అనే ఉచిత సైట్లో తాలూకా పేరు కొట్టండి. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ పెట్టాలన్నది 2009 యూజీసీ నిబంధన. ప్రభుత్వ డబ్బుతో చేసిన ప్రాజెక్టు రిపోర్టు దొరకకపోతే, ఆ యూనివర్సిటీ సమాచార అధికారికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయలు, 30 రోజులు. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్లకు ఆ పది కూడా అక్కర్లేదు. "రిపోర్టు ఇవ్వండి" అని కాకుండా ప్రాజెక్టు పేరు, ఏడాది, ప్రధాన పరిశోధకుడి హోదా రాయండి.

చిన్న సంస్థ మాది. ఈ పనికి డబ్బు ఎట్లా వస్తుంది?

పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతుంది. ఆ డబ్బు తీసుకోవాలంటే 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబర్ తెచ్చుకోవాలి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ముందే ఉండాలి. విదేశీ డబ్బయితే కేంద్ర హోంశాఖ ఇచ్చే ఎఫ్‌సీఆర్ఏ అనుమతి లేకుండా ఒక్క రూపాయి ముట్టకూడదు.

యూనివర్సిటీతో ఒప్పందం రాసుకునేటప్పుడు మూడు పద్దులు విడిగా పెట్టించండి: అనువాదం, ఫలితం తిరిగి చెప్పే సమావేశాలు, ప్రాజెక్టు అయ్యాక ఆర్నెల్లపాటు ఊళ్లో తిరిగే మనిషి జీతం. "ఇతర ఖర్చులు" అని కలిపేస్తే చివరి నెలలో అవి ప్రింటర్ ఇంకుకు పోతాయి. సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది, ఊరి పేరు పేపర్లో రాయొచ్చా, పేపర్లో మీ కార్యకర్త పేరు ఉంటుందా, ఇవి కూడా ముందే రాసుకోండి. తర్వాత అడిగితే మొహమాటాలు మొదలవుతాయి.

ఫలితం చెప్పే సమావేశం ఎట్లా పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి?

ఒక పేజీ, పెద్ద అక్షరాలు, ఒక బొమ్మ. ముందు మీరు ఊరిని ఏం అడిగారో, తర్వాత ఏం తేలిందో, ఆపై ఇప్పుడు ఎవరు ఏం చేయాలో. ఏమీ తేలకపోయినా వచ్చి తేలలేదని చెప్పండి, జనం అర్థం చేసుకుంటారు. ఎవరి ఇంటి ఫలితం వాళ్లకు విడిగా, ఊరి ఫలితం అందరికీ. ఆడవాళ్లతో ఒక విడత విడిగా కూర్చోండి, లేకపోతే వాళ్ల ప్రశ్నలు బయటికి రావు. ప్రొజెక్టర్ మీద నమ్మకం పెట్టుకోకండి, కరెంటు పోతుంది.

ధాన్యం ఇంటికొచ్చాక, డిసెంబర్ చివరి నుంచి జనవరి మధ్యలో సాయంత్రం పూట మంచిది. ఫిబ్రవరి వచ్చిందంటే చాలామంది మిరప ఏరడానికి తెలంగాణ వైపు వెళ్లిపోతారు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు. మే నెలలో అయితే అసలే పెట్టకండి, ఊరు ఊరంతా తునికాకు మీదే ఉంటుంది.